లోతు నీళ్లలో వెండి వేట – ఎందుకింత గుట్టు?

1990 మార్చి 10న హుస్సేన్ సాగర్‌లో బుద్ధ విగ్రహం మునిగిపోయింది. రాయగిరి దగ్గర దొరికిన ఒకే రాతిలో గణపతి స్థపతి చెక్కించిన విగ్రహం అది. బల్లకట్టు మీద గద్దె దగ్గరికి తీసుకెళ్తుంటే ఒరిగి నీళ్లలో పడింది. దాని మీద పని చేస్తున్నవాళ్లు కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1992లో పైకి తీసి నిలబెట్టేదాకా విగ్రహం రెండేళ్లకు పైగా నీటి అడుగునే పడుకుంది. ఇప్పుడు మన హాస్టల్లో ఉన్నవాళ్లెవరూ అప్పటికి పుట్టలేదు. అయినా ట్యాంక్‌బండ్ మీద నిలబడిన ప్రతివాడికీ ఈ కథ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు.

ఆ వెలికితీతలో రహస్యమేమీ లేదు. విగ్రహం ఎక్కడ పడిందో జంటనగరాలన్నిటికీ తెలుసు. ఎవరిదో కూడా తెలుసు, ప్రభుత్వానిది. సాగర్ ఎంత లోతున్నచోటైనా పది మీటర్లే. ఇంకొకడు రాత్రికి రాత్రి వచ్చి ఎత్తుకుపోయే వస్తువు కాదది.

ఇప్పుడు ఆ పది మీటర్లను ఐదు వేల మీటర్లు చేయండి. చుట్టూ వందల కిలోమీటర్ల వరకు గట్టు లేదు. పడినప్పుడు చూసినవాళ్లలో చాలామంది పోయారు. పడింది రాయి కాదు, వంద టన్నుల వెండి. ఈ నాలుగు మాటలూ కలిస్తే పుట్టే వ్యాపారాన్ని ఇంగ్లీషులో డీప్ సీ సాల్వేజ్ అంటారు. లోతు సముద్రంలో మునిగిన ఓడల నుంచి సరుకు తీసి సొమ్ము చేసుకోవడం. ప్రపంచం మొత్తం మీద ఈ పని చేయగల కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. అవి ఒకదానికొకటి పడవు, ఏ ఒక్కటీ నోరు విప్పదు. ఈ వెండిలో కొంత మన బొంబాయి, కలకత్తా రేవుల్లో ఎక్కినదే కాబట్టి ఇది మనకూ సంబంధించిన విషయం.

ముందు ఆ గుట్టు ఎందుకో చూద్దాం. పొలానికి గట్టు ఉంటుంది, పాస్‌బుక్ ఉంటుంది. నడి సముద్రం అడుగున ఈ రెండూ లేవు. అక్కడ కంపెనీకి ఆస్తి అంటే వెండి కాదు, వెండి ఉన్న చోటు తనకొక్కడికే తెలియడం. ఆ అక్షాంశ రేఖాంశాలు ఎదుటివాడి చెవిన పడితే అప్పటిదాకా పెట్టిన ఖర్చంతా నీళ్లపాలు. వెతకడానికే పెద్ద ఓడ కావాలి. దాని వెనక సోనార్ పరికరాన్ని మైళ్ల పొడవు తీగతో లాగుతూ, నాగలి చాళ్లు వేసినట్టు ముందుకూ వెనక్కీ నెలల తరబడి తిరగాలి. సోనార్ శబ్దాన్ని పంపి, అడుగున తగిలి వచ్చే ప్రతిధ్వనితో బొమ్మ గీస్తుంది. ఆ బొమ్మలో రాతిగుట్టా, ఓడా మొదట ఒకలాగే ఉంటాయి.

పైగా ఆ చాళ్లు దూరం నుంచి కూడా కనిపిస్తాయి. అంతర్జాతీయంగా తిరిగే పెద్ద ఓడలన్నీ తామెక్కడున్నామో రేడియోలో ప్రకటిస్తూ ఉండాలన్న నిబంధన 2004 చివరికల్లా పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఢీకొనకుండా ఉండటానికి పెట్టిన మంచి ఏర్పాటే. కానీ సరుకు ఓడ అయితే గీత గీసినట్టు రేవు నుంచి రేవుకు పోతుంది. ఒకేచోట అటూ ఇటూ తిరుగుతోందంటే ఏదో వెతుకుతోందని ఆఫీసులో కూర్చున్న పోటీదారుకు ఇట్టే తెలిసిపోతుంది. అందుకే మారుపేర్లూ, పొడి పొడి జవాబులూ.

రెండో కారణం చట్టం. మన హాస్టల్లో పొద్దున కొళాయి దగ్గర నియమం ఏమిటి? బకెట్ పెట్టినవాడిదే వంతు. మనిషి పళ్లు తోముకుంటూ మెట్ల మీద కూర్చున్నా ఫర్వాలేదు, బకెట్ మాత్రం అక్కడుండాలి. అమెరికా సముద్ర న్యాయస్థానాల పద్ధతీ దాదాపు ఇంతే. యజమాని ముందుకు రాని ఓడను ముందుగా చేజిక్కించుకుని పని చేస్తున్నవాడికి కోర్టు రక్షణ ఇస్తుంది, మిగతావాళ్లను దూరంగా ఉండమంటుంది. చేజిక్కినట్టు నిరూపించాలంటే ఓడలోని వస్తువు ఒకటి తెచ్చి జడ్జి ముందు పెట్టాలి.

దీనికి మంచి ఉదాహరణ సెంట్రల్ అమెరికా అనే ఓడ. కాలిఫోర్నియా బంగారంతో వస్తూ 1857లో తుపానులో చిక్కి అమెరికా తూర్పు తీరానికి దూరంగా మునిగింది. నాలుగు వందల మందికి పైగా పోయారు. టామీ థాంప్సన్ అనే ఇంజినీరు 161 మంది దగ్గర కోటీ 27 లక్షల డాలర్లు పోగుచేసి వేటకు దిగాడు. 1987లో ఇంకో ఓడ తన దగ్గరగా వస్తుంటే ఆదరాబాదరాగా రోబోతో అడుగు నుంచి ఒక బొగ్గు ముక్క తీయించి, విమానంలో నార్‌ఫోక్ కోర్టుకు పంపించాడు. రెండు కిలోమీటర్ల లోతుకు మనిషి దిగలేడు కాబట్టి రోబో, కెమెరా అక్కడుంటే మనిషి ఉన్నట్టే అని కోర్టు ఒప్పుకుంది. బకెట్ ఉంటే చాలన్నమాట. పోటీవాళ్లు వెనక్కి పోయారు. తీరా చూస్తే ఆ బొగ్గు ముక్క సెంట్రల్ అమెరికాది కాదు, వేరే ఓడది! అసలు ఓడ మరుసటి ఏడు, 1988లో దొరికింది.

ఆ తరువాతి కథ ఇంకా విచిత్రం. బంగారం అమ్ముడుపోయింది కానీ మాకు పైసా రాలేదని డబ్బు పెట్టినవాళ్లు కోర్టుకెక్కారు. థాంప్సన్ పరారై 2015లో ఫ్లోరిడాలో దొరికాడు. 500 బంగారు నాణేలు ఎక్కడున్నాయో చెప్పమంటే చెప్పలేదు. కోర్టు ధిక్కారం కింద జైల్లో పెట్టి, చెప్పేదాకా వదలమన్నారు. సుమారు తొమ్మిదేళ్లు గడిచాక, ఇతను ఎలాగూ చెప్పడని తేల్చుకుని 2025 మొదట్లో జడ్జి ఆ ఒత్తిడి ఆపేశాడు. రహస్యమే జీవనాధారమైన వృత్తిలో పెరిగినవాడికి అది ఎముకల్లోకి ఇంకిపోతుంది కాబోలు.

ఇక మన రేవుల ఓడల సంగతికి వస్తాను.

ఈ వ్యాపారానికి మొదటి పెద్ద పాఠం బొంబాయికి రావలసిన ఓడే. ఈజిప్ట్ అనే ఓడ లండన్ నుంచి పది లక్షల పౌండ్లకు పైగా విలువైన బంగారం, వెండితో బయల్దేరి, 1922 మే 20న ఫ్రాన్స్ తీరం దగ్గర పొగమంచులో ఇంకో ఓడ తగిలి మునిగింది. లోతు 130 మీటర్లే అయినా ఆ రోజుల్లో అది పాతాళం. ఒక జట్టు తరువాత ఒక జట్టు వెతికి ఓడిపోయాయి. చివరికి సొరిమా అనే ఇటలీ కంపెనీ 1930లో కనిపెట్టింది. అదే ఏడు డిసెంబరులో, వేరే శిథిలాన్ని పేల్చే పనిలో ఉండగా వాళ్ల ఓడ ఆర్తిల్యో తానే పేలిపోయి అందులోని ఈతగాళ్లు చాలామంది చనిపోయారు. మిగిలినవాళ్లు ఇంకో ఓడతో వచ్చి 1932లో బంగారం పైకి తీశారు. ఆనాటి పోటీ ప్రాణాలతో చెలగాటం. ఇప్పుడు ప్రాణం స్థానంలో రోబో దిగుతుంది, అందుకే పోటీ అంతా సమాచారం మీదకు మళ్లింది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడి వెండి ఓడల్లో బయటికి పోయింది. గెరుసొప్ప పేరు విన్నారా? జోగ్ జలపాతం దగ్గరి ఊరు. ఆ పేరుతో ఉన్న ఆవిరి ఓడ 1940 డిసెంబరులో కలకత్తా నుంచి వెండి, ఇనుము, తేయాకుతో బయల్దేరింది. తుపానులో బొగ్గు తక్కువై, తోడొచ్చే ఓడల గుంపును విడిచి ఐర్లాండు వైపు తిరిగింది. 1941 ఫిబ్రవరి 17న జర్మన్ జలాంతర్గామి టార్పెడోతో కొట్టింది. ఎనభై మందికి పైగా ఉన్నారు, ఎక్కువమంది భారతీయ నావికులు. ఒక పడవ రెండు వారాలు కొట్టుకుపోయి ఇంగ్లండు ఒడ్డు చేరేసరికి మిగిలింది ఒకే ఒక్క మనిషి, సెకండ్ ఆఫీసర్ రిచర్డ్ ఐర్స్.

ఆ వెండికి యుద్ధకాలపు బీమా కింద బ్రిటన్ ప్రభుత్వం డబ్బు చెల్లించింది. బీమా సూత్రం మీకు తెలిసిందే. బండి పోయి కంపెనీ మీకు పూర్తి సొమ్ము ఇచ్చాక ఆ బండి దొరికితే అది కంపెనీదే. అలా సముద్రం అడుగున ఉన్న వెండి బ్రిటన్ ప్రభుత్వపుదైంది. 2010లో ఒడిస్సీ మెరైన్ ఎక్స్‌ప్లొరేషన్ అనే అమెరికా కంపెనీకి కాంట్రాక్టు ఇచ్చింది. ఖర్చులు పోను కంపెనీకి 80 శాతం, ప్రభుత్వానికి 20. పంపకం చూసి ఆశ్చర్యపోకండి, దొరక్కపోతే నష్టమంతా కంపెనీదే. 2011లో ఓడ దొరికింది, లోతు సుమారు 4,700 మీటర్లు. 2012, 2013లలో కలిపి 2,792 వెండి కడ్డీలు, దాదాపు 110 టన్నులు తీశారు.

ఒడిస్సీకి ఒక చిక్కు ఉండేది, అది నాకు మహా ఆసక్తిగా అనిపించింది. దాని షేర్లు నాస్‌డాక్ మార్కెట్లో ఉండేవి. షేర్లు కొనేవాళ్లకు ఏదో దొరికిందని ఊరించాలి, పోటీదారులకు ఏమీ దొరకలేదన్నట్టు ఉండాలి! 2007లో అట్లాంటిక్ నుంచి ఆరు లక్షలకు దగ్గరగా వెండి, బంగారు నాణేలు తీసి జిబ్రాల్టర్ నుంచి అమెరికాకు విమానంలో తరలించినప్పుడు ఓడ పేరు చెప్పకుండా బ్లాక్ స్వాన్, అంటే నల్ల హంస, అని మారుపేరు పెట్టింది. అది 1804లో మునిగిన తమ యుద్ధనౌక మెర్సిడెస్ అని స్పెయిన్ కేసు వేసి గెలిచింది. 2012లో రెండు సైనిక విమానాలు వచ్చి 17 టన్నుల నాణేలు వెనక్కి తీసుకుపోయాయి. గుట్టు కంపెనీని పోటీదారు నుంచి కాపాడింది కానీ యజమాని నుంచి కాపాడలేదు.

డీప్ ఓషన్ సెర్చ్ అనే ఇంకో కంపెనీది పూర్తిగా వేరే దారి. సిటీ ఆఫ్ కైరో అనే ఓడ 1942 అక్టోబరులో వెండి రూపాయల పెట్టెలతో బొంబాయి వదిలింది. నవంబరు 6న దక్షిణ అట్లాంటిక్‌లో జర్మన్ జలాంతర్గామి ముంచింది. ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు పడవల్లో వారాల తరబడి తిరిగారు. ఒక పడవలో 51 రోజుల తరువాత ఇద్దరే మిగిలారు. డీప్ ఓషన్ సెర్చ్ ఆ ఓడను 2011లో కనిపెట్టింది, 2013లో 5,150 మీటర్ల లోతు నుంచి నాణేలు టన్నుల కొద్దీ తీసింది. అంత లోతు నుంచి సరుకు తీయడం అప్పటికి రికార్డు. అయినా ఎక్కడా మాట పొక్కలేదు. 2015 ఏప్రిల్‌లో గానీ బయటపెట్టలేదు. అంటే ఆ ఓడలో పోయినవాళ్ల పిల్లలకు, మనవలకు తమవాళ్ల ఓడ దొరికిందన్న సంగతి వెండి కదిలిన రెండేళ్లకు తెలిసింది.

అన్నిటికంటే పెద్ద తగాదా తిలావాది. బ్రిటిష్ ఇండియా కంపెనీ ప్రయాణికుల ఓడ. 1942 నవంబరు 20న బొంబాయి నుంచి మొంబాసా, డర్బన్ వైపు బయల్దేరింది. 958 మంది ఉన్నారు. చాలామంది తూర్పు, దక్షిణ ఆఫ్రికాలకు పోతున్న భారతీయ కుటుంబాలు. వాళ్ల కాళ్ల కింద, సరుకు గదిలో, 2,391 వెండి కడ్డీలు. నాణేలు ముద్రించడానికి దక్షిణాఫ్రికా ప్రభుత్వం కొన్న వెండి. 23న జపాన్ జలాంతర్గామి రెండు టార్పెడోలు వేసింది. 280 మంది చనిపోయారు, 678 మందిని రక్షించారు.

డెబ్బై అయిదేళ్ల తరువాత, 2017లో, ఆర్జెంటమ్ ఎక్స్‌ప్లొరేషన్ అనే బ్రిటిష్ కంపెనీ తరఫున రెండున్నర కిలోమీటర్ల లోతు నుంచి 2,364 కడ్డీలు తీశారు. ఆర్జెంటమ్ అంటే లాటిన్‌లో వెండి, కెమిస్ట్రీలో మనం రాసే ఏజీ అదే. పేరులోనే పెట్టుకున్నారు! దక్షిణాఫ్రికాతో ఒప్పందం ఏదీ లేదు. కడ్డీలను ఇంగ్లండులోని సౌతాంప్టన్‌కు చేర్చి, మునిగిన ఓడల వస్తువులను నమోదు చేసే అధికారికి అప్పగించి మాకు ప్రతిఫలం ఇవ్వండి అన్నారు. విలువ సుమారు 4 కోట్ల 30 లక్షల డాలర్లు. అప్పుడు దక్షిణాఫ్రికా లేచింది: అది మా ప్రభుత్వ ఆస్తి, వేరే దేశపు ప్రభుత్వం మీద మీ కోర్టులో దావా చెల్లదు అని.

ఇక్కడ చట్టం కాస్త చిక్కుగా ఉంటుంది, ఓపిక పట్టండి. ఒక దేశాన్ని ఇంకో దేశపు కోర్టుకు లాగకూడదన్నది సాధారణ నియమం. ఓడలోని సరుకు విషయంలో బ్రిటన్ 1978 చట్టం ఒక మినహాయింపు ఇచ్చింది. ఓడ, సరుకు రెండూ వ్యాపారం కోసం వాడుకలో ఉంటే దావా వేయవచ్చు. తిలావా వ్యాపారపు ఓడే, అందులో తగాదా లేదు. మరి వెండి? అది ఓడ గదిలో కూర్చుని ఉంది, అంతే. అలా మోసుకుపోబడటం వ్యాపారపు వాడకం అవుతుందా? అవుతుందని 2020లో మొదటి కోర్టు, 2022లో పైకోర్టు అన్నాయి. కాదు, ఓడలో ఊరికే పడి ఉన్న సరుకు దేనికీ వాడుకలో లేనట్టే, అది చేరబోయేది కూడా వ్యాపారానికి కాదు అని 2024 మే 8న బ్రిటన్ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఆలోగా ఇరుపక్షాలూ రాజీ కుదుర్చుకున్నాయి. అయినా ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుందని కోర్టు తీర్పు ఇచ్చేసింది.

నా దృష్టిలో ఆ తీర్పు సరైనదే. ముందు తీసేసి తరువాత బేరమాడే పద్ధతికి అది ఒక అడ్డుకట్ట. యజమాని సర్కారైతే ఇకనుంచి ముందుగా తలుపు తట్టి ఒప్పందం రాసుకోవలసిందే. ఆ మేరకు గుట్టు తగ్గవచ్చు.

ఈ సంగతులు మా రూంలో చెబితే పెద్ద వాదనే నడిచింది. "అన్నా, బొంబాయిలో ఎక్కిన వెండి కదా, మనకు రావాలి" అని ఒక తమ్ముడి పట్టు. తిలావా వెండిని దక్షిణాఫ్రికా కొనుక్కుంది, అమ్మినదాన్ని తిరిగి అడగలేం. గెరుసొప్ప వెండి బీమా చెల్లింపుతో చేతులు మారింది. వలస పాలనలో ఆ అమ్మకాలకు మన జనం ఒప్పుకోలు ఎవరడిగారన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ అది చరిత్ర వేసే ప్రశ్న, ఓడల కోర్టు దాన్ని వినదు. ఆ తమ్ముడు ఒప్పుకోలేదు, ఇంకా కోపంగానే ఉన్నాడు.

నన్ను పట్టి ఉంచింది వేరే సంగతి. రాణిగంజ్ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల దగ్గర చూసే ఉంటారు: బస్తాకు రశీదు ఉంటుంది, బస్తా మోసేవాడికి ఉండదు. ఈ ఓడల్లోనూ అదే. ఎన్ని కడ్డీలో, ఎవరు కొన్నారో, ఎవరు బీమా కట్టారో కాగితం ఉంది. ఆ కాగితమే వేటగాళ్లకు దారి చూపింది. భారతీయ నావికులను లాస్కర్లు అనేవాళ్లు. తెల్లవాళ్లకు ఇచ్చేదానిలో కొంత భాగమే జీతంగా ఇచ్చి పనిలోకి తీసుకునేవాళ్లు. రెండో యుద్ధంలో పోయిన మన నావికుల పేర్లు, దాదాపు ఆరు వేలు, బొంబాయిలో ఒక పుస్తకంలో, చిట్టగాంగ్‌లో ఒక పుస్తకంలో రాసి పెట్టారు. అదొక్కటే వాళ్ల సమాధి. బ్రిటన్ వ్యాపార నావికుల పేర్లు లండన్ టవర్ హిల్ దగ్గర దారినపోయే ఎవరైనా చదవగలిగేలా చెక్కి ఉన్నాయి. వెండి ఎవరిదన్న తగాదా మూడు కోర్టులు ఎక్కింది. అదే ఓడలో పోయిన 280 మంది పేరున ఏ కోర్టూ కూర్చోలేదు. 2022 నవంబరు 23న, ఎనభై ఏళ్లకు, తిలావా కుటుంబాలవాళ్లు ముంబైలో తామే కలిసి స్మృతి సభ జరుపుకున్నారు.

సాల్వేజ్ కంపెనీలను పూర్తిగా తిట్టాలని కాదు. గెరుసొప్ప నుంచి వెండితోపాటు ఏడు వందలకు పైగా ఉత్తరాలు పైకి వచ్చాయి. 1940లో ఇక్కడి నుంచి ఇంగ్లండుకు రాసుకున్నవి. బురద కింద గాలి తగలక డెబ్బై ఏళ్లు నిలిచాయి. 2018లో లండన్ పోస్టల్ మ్యూజియంలో వాటిని ప్రదర్శించారు. కంపెనీ దిగకపోతే అవి ఎవరికీ దక్కేవి కావు. అలాగే 1981లో రష్యాకు ఉత్తరాన మునిగిన ఎడిన్‌బరో అనే యుద్ధనౌక నుంచి 431 బంగారు కడ్డీలు తీసినప్పుడు, నౌకలో నావికుల శరీరాలున్నాయి కాబట్టి పేలుడు పదార్థాలు వాడే పాత కంపెనీని కాదని, ఈతగాళ్లతో కోసి తీస్తానన్న కీత్ జెస్సప్ జట్టుకు బ్రిటన్ ప్రభుత్వం పని ఇచ్చింది. అడిగేవాడు ఉంటే పద్ధతి మారుతుంది.

మన తీరంలోనూ అలాంటి చోటు ఉంది. సాయంత్రం సికింద్రాబాద్‌లో గోదావరి ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. అక్కడ ఒడ్డుకు కొద్ది దూరంలోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 డిసెంబరు 3–4 రాత్రి నుంచి పడి ఉంది. తొంభై మందికి పైగా లోపలే ఉండిపోయారు. అది ఎలా మునిగిందన్నదాని మీద రెండు దేశాలూ ఇప్పటికీ ఒక మాట మీద లేవు. అంటే అక్కడా రహస్యమే, కాకపోతే డబ్బు కోసం కాదు. 2024లో మన నౌకాదళపు రక్షణ వాహనం దాన్ని గుర్తించిందని వార్తలు వచ్చాయి. శత్రువులవే అయినా అది చనిపోయినవాళ్ల చోటు కాబట్టి ముట్టుకోలేదని చెప్పారు. మునిగిన ఓడను చూసే పద్ధతుల్లో ఇదీ ఒకటి.

యునెస్కో 2001లో చేసుకున్న ఒప్పందం ప్రకారం నూరేళ్లు నీటిలో ఉన్న శిథిలాలను వ్యాపారానికి వాడకూడదు. 2009 నుంచి అమల్లో ఉంది, అన్ని దేశాలూ చేరలేదు. యుద్ధంలో మునిగిన ఈ ఓడలకు ఆ నూరేళ్లు 2039 నుంచి 2045 లోపు నిండుతాయి. తిలావాకు 2042లో. ఆలోగా తీయగలిగినంత తీయాలని ఎవరు ఎక్కడ చాళ్లు వేస్తున్నారో మనకు ఇప్పుడు తెలియదు, వాళ్లు చెప్పరు.

లా చదువుతున్న అన్నలెవరైనా ఉంటే ఆర్జెంటమ్, దక్షిణాఫ్రికా కేసు తీర్పు బ్రిటన్ సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. చదివి, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చెప్పండి. ఆ కోపంగా ఉన్న తమ్ముడికి కూడా ఒక ప్రింటు తీసి ఇచ్చాను.